ఫుట్‌బాల్ మెడిసిన్: గ్రౌండ్‌లో పనికొచ్చే క్లినికల్ స్కిల్స్ నేర్చుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బీపీటీ, ఎంబీబీఎస్ చదివే పిల్లలు, కాలేజీ జట్లకి సాయం చేస్తున్న జూనియర్ ఫిజియోలు, అప్పుడప్పుడు స్కూల్ పీఈటీ సార్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. పుస్తకంలో దొరికే థియరీ జోలికి పెద్దగా పోలేదు. చేతులతో చెయ్యాల్సిన పని గురించి, టచ్‌లైన్ దగ్గర నిలబడి అప్పటికప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయాల గురించే ఎక్కువ రాశాను. ఇది చదివేసి ఎవరికీ వైద్యం మొదలుపెట్టకండి, దగ్గరుండి నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకుని చెయ్యండి.

ఆర్థో బాగా వస్తే చాలదా? మళ్లీ ఫుట్‌బాల్ మెడిసిన్ అని వేరే ఎందుకు?

చాలదు. ఓపీలో పేషెంట్ మీ దగ్గరికి నడిచొస్తాడు, ఎక్స్‌రే తెచ్చుకుంటాడు, మీకు టైమ్ ఉంటుంది. గ్రౌండ్‌లో పరిగెత్తాల్సింది మీరు. రిఫరీ వాచ్ చూస్తుంటాడు, కోచ్ అరుస్తుంటాడు, పడిపోయిన కుర్రాడేమో "నాకేం కాలేదు సార్" అని పచ్చి అబద్ధం చెప్తాడు. గాయాల తీరు కూడా వేరు. స్వీడన్‌కి చెందిన డాక్టర్ యాన్ ఎక్‌స్ట్రాండ్ బృందం 2001 నుంచి యుయెఫా (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) కోసం పెద్ద క్లబ్బుల గాయాల లెక్క రాస్తోంది. దాని ప్రకారం 25 మంది ఉన్న జట్టులో సీజన్‌కి సుమారు 50 గాయాలు అవుతాయి, అంటే మనిషికి రెండు. మొత్తం గాయాల్లో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) వాటా 2001–02లో 12 శాతం ఉంటే 2021–22 నాటికి 24 శాతానికి చేరింది. ఆట వేగం పెరిగింది, మ్యాచ్‌లు పెరిగాయి, ఆ కండరం తట్టుకోలేకపోతోంది. తొడ, గజ్జలు, మోకాలు, చీలమండ, తల, గుండె. మీ చేతులకి ముందు అలవాటు కావాల్సిన చోట్లు ఇవి.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఏదైనా కోర్సు ఉందా?

ఫిఫా వాళ్లది ఫుట్‌బాల్ మెడిసిన్ డిప్లొమా ఒకటి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, చెయ్యండి, బాగుంటుంది. కానీ అది చేసినంత మాత్రాన ల్యాక్‌మన్ టెస్ట్ (మోకాలి లోపలి లిగమెంట్ తెగిందా అని చేత్తో చూసే పరీక్ష) మీ చేతికి రాదు, స్ట్రెచర్ ఎత్తడం రాదు. కాబట్టి దానితో పాటు రెండు పనులు చెయ్యండి. ఒకటి, మీకు దగ్గర్లో ఎక్కడైనా బేసిక్ లైఫ్ సపోర్ట్ కోర్సు, బొమ్మ మీద చేతులు పెట్టి నొక్కించేది. వీడియో చూపించి సర్టిఫికెట్ ఇచ్చేది వద్దు. రెండు, ఏదో ఒక జట్టు పట్టుకోండి. యూనివర్సిటీ జట్టు, జిల్లా అకాడమీ, అనంతపురంలో ఆర్డీటీ మైదానాల్లాంటి చోటు, ఏదైనా సరే. మ్యాచ్ రోజు మాత్రమే వెళ్తే లాభం లేదు, ప్రాక్టీస్‌కి వెళ్లాలి. ఎవడు మామూలుగా ఎలా పరిగెత్తుతాడో చూసుంటేనే కదా, తేడాగా పరిగెత్తుతున్నప్పుడు మీకు తెలిసేది.

యూకేలో ఎన్‌హెచ్ఎస్‌లో పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్లు కొందరు శని, ఆదివారాల్లో చిన్న క్లబ్బులకి మ్యాచ్ డాక్టర్లుగా వెళ్లాలనుకుంటారు. అక్కడ ఇంగ్లిష్ ఎఫ్ఏ (ఫుట్‌బాల్ అసోసియేషన్) వాళ్ల ట్రామా కోర్సులు మెట్లు మెట్లుగా ఉంటాయి, పై స్థాయి పోటీల్లో టచ్‌లైన్ దగ్గర కూర్చునే డాక్టర్‌కి అన్నిటికన్నా పై మెట్టు కావాలి. మన దగ్గర పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో స్పోర్ట్స్ మెడిసిన్ పీజీ డిప్లొమా పాత దారి. ఫిజియోలకైతే ఎంపీటీ స్పోర్ట్స్ ఉంది.

అన్నిటికన్నా ముందు ఏ స్కిల్ నేర్చుకోవాలి?

గుండె ఆగి పడిపోయినవాణ్ని గుర్తుపట్టడం. ఇందులో రెండో మాట లేదు.

2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్ మ్యాచ్. ఫస్ట్ హాఫ్ అయిపోవస్తోంది, త్రో-ఇన్ అందుకోబోయిన క్రిస్టియన్ ఎరిక్సన్ ఎవరూ తగలకుండానే ముందుకి కూలిపోయాడు. కెప్టెన్ సైమన్ కేయర్, మెడికల్ టీమ్ వెంటనే చేరుకున్నారు, సీపీఆర్ చేశారు, డీఫిబ్రిలేటర్‌తో షాక్ ఇచ్చారు, మనిషి తిరిగొచ్చాడు. ఒంట్లో ఐసీడీ (గుండె లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే చిన్న యంత్రం) పెట్టించుకుని మరుసటి ఏడాదే బ్రెంట్‌ఫోర్డ్‌కి ఆడాడు. అంతకుముందు 2012 మార్చి 17న లండన్‌లో బోల్టన్ ప్లేయర్ ఫాబ్రిస్ ముఆంబా గుండె 78 నిమిషాలు ఆగింది, 15 షాకులు ఇచ్చారు, స్టాండ్స్‌లో మ్యాచ్ చూస్తున్న ఒక కార్డియాలజిస్టు గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చి సాయం చేశాడు. అతనూ బతికాడు. 2003లో లియోన్‌లో కామెరూన్ ఆటగాడు మార్క్-వివియన్ ఫోయె బతకలేదు. 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో డెంపో స్ట్రైకర్ క్రిస్టియానో జూనియర్ గోల్‌కీపర్‌ని ఢీకొని పడిపోయి చనిపోయాడు. గ్రౌండ్‌లో వైద్య ఏర్పాట్ల మీద అప్పుడు దేశమంతా దుమారం రేగింది.

నేర్చుకోవాల్సింది ఇదీ: ఎవరూ తగలకుండా ప్లేయర్ పడిపోయి కదలకపోతే, కాదని తేలేదాకా అది కార్డియాక్ అరెస్టే. ఇక్కడ జనాన్ని తప్పుదారి పట్టించేవి రెండున్నాయి. గుండె ఆగిన కొన్ని సెకన్లకి చేతులు కాళ్లు కొట్టుకోవచ్చు, అది చూసి చుట్టూ ఉన్నవాళ్లు "ఫిట్స్! తాళాలు పెట్టండి చేతిలో" అంటారు. రెండోది, నోరు తెరిచి ఆగి ఆగి గుటకలు వేసినట్టు ఊపిరి తీస్తుంటాడు, దాన్ని చూసి "శ్వాస ఆడుతోంది" అనుకుంటారు. అది శ్వాస కాదు. పిలిస్తే పలకట్లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టెయ్యండి. నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, 30 నొక్కులకి రెండు శ్వాసలు. డీఫిబ్రిలేటర్ లేకుండా, సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. రిఫరీ పర్మిషన్ కోసం చూడకండి. ఆయన కార్డు చూపిస్తే తర్వాత తీసుకోవచ్చు.

నాడి కోసం వెతుకుతూ టైమ్ పోగొట్టేవాళ్లని చాలామందిని చూశాను. మీ గుండె దడదడలాడుతున్నప్పుడు మీ వేళ్లకి మీ నాడే తెలుస్తుంది.

మా గ్రౌండ్‌లో ఏఈడీ (ఎవరైనా వాడగలిగే ఆటోమేటిక్ డీఫిబ్రిలేటర్) లేదు. అప్పుడు?

సీపీఆర్ ఆపకుండా చేస్తూనే ఉండండి, రెండు నిమిషాలకోసారి చేతులు మార్చుకోండి, అంబులెన్స్‌ని ఫోన్‌లోనే "కార్డియాక్ అరెస్ట్" అని స్పష్టంగా చెప్పి పిలవండి. మర్నాడు నిర్వాహకుల దగ్గరికి వెళ్లి ఏఈడీ కొనమని పోరు పెట్టండి. ట్రోఫీలకి, ఫ్లెక్సీలకి, డీజేకి డబ్బులుంటాయి కాబట్టి దీనికీ ఉంటాయి.

మ్యాచ్‌కి ముందు మెడికల్ టీమ్ ఏం చూసుకోవాలి?

గేటు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. నిజంగా అంటున్నాను, మొదటి పని ఇదే. మన ఊళ్లలో టోర్నమెంట్ అంటే అంబులెన్స్ రావాల్సిన గేటు దగ్గర బైకులు వరసగా పెట్టేసి ఉంటాయి, వాటి వెనక ముఖ్య అతిథి కారు అడ్డంగా ఉంటుంది, డ్రైవరేమో టీ తాగడానికి వెళ్లుంటాడు. గంట ముందు వెళ్లి ఆ దారిలో మీరే నడిచి చూడండి. స్ట్రెచర్ ఎక్కడుంది, ఎవరు నలుగురు పడతారు, 108కి ఫోన్ చేసేది ఎవరు, ఫోన్‌లో గ్రౌండ్ గురించి ఏ గుర్తు చెప్పాలి, గుండె జబ్బుకైతే ఏ ఆస్పత్రి, తలకైతే ఏ ఆస్పత్రి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి రెండు జట్ల వాళ్లకీ చూపించండి. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచే మొదలైంది, మన జనానికి ఆ నంబర్ బాగా తెలుసు. కానీ "అందరికీ తెలుసు" అన్న చోటే ఎవరూ ఫోన్ చెయ్యరు, ఎవరో చేసుంటారులే అనుకుంటారు. పేరు పెట్టి ఒకరికి అప్పజెప్పండి.

చేతి సైగలు కూడా ముందే మాట్లాడుకోండి. స్ట్రెచర్ కావాలి, ప్లేయర్‌ని మార్చాలి, ఏఈడీ తేవాలి, ఈ మూడింటికి మూడు సైగలు చాలు. జనం గోలలో అరిస్తే వినపడదు.

ప్లేయర్ పడ్డాడు, రిఫరీ పిలిచాడు. మొదటి నిమిషంలో ఏం చెయ్యాలి?

మీ పని అతను పడకముందే మొదలైంది. మీరు బంతిని కాకుండా ప్లేయర్లని చూస్తుంటే, కాలు ఎటు తిరిగిందో, తల దేనికి తగిలిందో మీకు ముందే తెలుసు. స్కోరు ఏమైందో చూసుకోలేకపోవడం ఈ ఉద్యోగంలో మామూలే.

పరిగెత్తేటప్పుడు పూర్తి స్పీడులో వద్దు, ఆయాసంతో వెళ్తే చేతులు వణుకుతాయి. దగ్గరికెళ్లాక ముందు పేరు పెట్టి పిలవండి, అతనికి కనిపించేలా ముందు నుంచి వెళ్లండి, పిలవగానే తల తిప్పి చూడకూడదు మరి. తల, మెడ అనుమానం ఉంటే ఒకరు తలని రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి, మిగతా పరీక్షంతా అలా పట్టుకున్నాకే. తర్వాత ఊపిరి దారి, శ్వాస, రక్తం, అదే వరసలో. ఇవన్నీ బాగుంటే అప్పుడు గాయం దగ్గరికి రండి. ఎక్కడ నొప్పి, ఎలా జరిగింది, ఏదైనా శబ్దం వినిపించిందా, ఇంతకుముందు ఇదే చోట దెబ్బ తగిలిందా? చూడండి, తడమండి, అతన్నే కదిలించమనండి, ఆ తర్వాత మీరు కదిలించండి, చివరికి నిలబడమనండి. ఇందులో ఎక్కడ ఆగిపోయినా మ్యాచ్ అక్కడితో అయిపోయినట్టే, నిలబెట్టి "రెండడుగులు వెయ్యి చూద్దాం" అనే అలవాటు మానండి.

ఇంకో సంగతి. రూల్స్ ప్రకారం గ్రౌండ్‌లో చికిత్స తీసుకున్న ప్లేయర్ మామూలుగా బయటికి రావాలి, గోల్‌కీపర్‌కీ మరికొన్ని సందర్భాలకీ మినహాయింపు. అందుకే ప్లేయర్లు మిమ్మల్ని చూసి చెయ్యి ఊపి వెళ్లిపొమ్మంటారు. పట్టించుకోకండి.

తలకి దెబ్బ తగిలితే ఎలా తేల్చాలి? స్పృహ తప్పకపోతే కంకషన్ (దెబ్బకి మెదడు అదిరి పనితీరు తప్పడం) కాదు కదా?

అయ్యుండొచ్చు. చాలా కంకషన్లలో స్పృహ అసలు తప్పదు. 2014 ప్రపంచ కప్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు క్రిస్టోఫ్ క్రామర్ తలకి దెబ్బ తగిలాక మరో పావుగంట దాకా ఆడుతూనే ఉన్నాడు. మధ్యలో రిఫరీ దగ్గరికి వెళ్లి "ఇది ఫైనలేనా?" అని అడిగాడు. 31వ నిమిషంలో గానీ బయటికి తీసుకురాలేదు. బయటి నుంచి చూసేవాళ్లకి అతను మామూలుగా పరిగెత్తుతున్న మనిషే.

గ్రౌండ్‌లో చూడాల్సినవి: పడ్డాక కాసేపు కదలకుండా ఉండటం, చేతులు బిగుసుకుపోవడం, లేచాక తూలడం, శూన్యంలోకి చూసినట్టు చూపు, తికమక మాటలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బయటికే, చర్చ లేదు. ఏదీ కనిపించకపోతే ఐదు ప్రశ్నలు అడగండి. మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది ఏ హాఫ్? చివరి గోల్ ఎవరు కొట్టారు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం? అందులో గెలిచామా? వీటిని మ్యాడక్స్ ప్రశ్నలంటారు. "నీ పేరేంటి, మీ నాన్న పేరేంటి" అడిగితే లాభం లేదు, అవి కంకషన్‌లోనూ బాగానే గుర్తుంటాయి. ఇంకా అనుమానం ఉంటే బయట నిశ్శబ్దంగా ఉన్న గదిలో స్కాట్ 6 (కంకషన్ పరీక్షకి వాడే ప్రామాణిక ఫారం) చెయ్యండి, 13 ఏళ్లు నిండినవాళ్లకి. దానికి కనీసం 10, 15 నిమిషాలు పడుతుంది, టచ్‌లైన్ మీద రెండు నిమిషాల్లో ముగించేది కాదు. అన్నిటిలో పాసైనా మీ మనసు ఒప్పకపోతే ఆడనివ్వకండి. సీజన్ మొదట్లోనే జట్టులో అందరికీ స్కాట్ చేసి పెట్టుకోండి, అప్పుడు పోల్చి చూసుకోవచ్చు.

మన హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి తెలిసినవాళ్లకి 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ కంఠతా వచ్చు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి, కోచ్ రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు, దక్షిణ కొరియా మీద ఫైనల్లో అతను గోల్ కొట్టాడు, 2–1తో మనకి బంగారం. రహీం గారి బుర్రకి నేనూ దండం పెడతాను. కానీ అదే కథ ఈ రోజు జరిగితే డాక్టర్ అడ్డుపడాల్సిందే. అప్పటికి కంకషన్ గురించి ఇంత తెలియదు, ఇప్పుడు తెలుసు. 2024 జులై నుంచి పోటీ నిర్వాహకులు కావాలనుకుంటే కంకషన్‌కి అదనపు సబ్‌స్టిట్యూట్ ఇచ్చే వీలు రూల్స్‌లోనే ఉంది. మీ టోర్నమెంట్‌లో అది పెట్టించండి, కోచ్‌తో సగం గొడవ అక్కడే తీరుతుంది.

చీలమండ బెణికితే ప్రతివాడికీ ఎక్స్‌రే తీయించాలా?

అక్కర్లేదు. ఎవరికి ఎక్స్‌రే కావాలో తేల్చే ఒట్టావా రూల్స్ కంఠతా పట్టండి. బయటి చీలమండ ఎముక వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో నొక్కితే నొప్పి, లోపలి వైపు అదే చోట నొప్పి, పాదం బయటి అంచున ఐదో మెటాటార్సల్ (చిటికెన వేలి వెనకున్న పొడవాటి ఎముక) మొదట్లో నొప్పి, లోపలి వైపు పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ ఎముక మీద నొప్పి, లేదా దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ మీరు చూసేటప్పుడు కూడా నాలుగడుగులు వెయ్యలేకపోవడం. వీటిలో ఏదైనా ఉంటే ఎక్స్‌రే. ఏదీ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. వాపు ఎంతుందన్నది ఈ లిస్టులో లేదు, గమనించండి. బంతంత వాచినా ఎముక బాగుండొచ్చు, వాపు లేకుండానే విరిగి ఉండొచ్చు.

ఇంకో సమస్య, మన దగ్గర చీలమండ అంటే ఇంట్లో ఎవరో ఒకరు నూనె పెట్టి గట్టిగా మర్దన చేసేస్తారు, లేదా పుత్తూరు కట్టుకి తీసుకెళ్తారు. వాళ్లని తిట్టి లాభం లేదు, కుర్రాడి తండ్రికి మీకన్నా ఆ కట్టు మీదే నమ్మకం. నేను చెప్పేది ఒక్కటే: ముందు ఒట్టావా చూద్దాం, అవసరమైతే ఎక్స్‌రే తీయిద్దాం, మొదటి రెండు మూడు రోజులు మర్దన వద్దు. తర్వాత వారాల తరబడి కదలకుండా కట్టేసి ఉంచితే కండరం తగ్గిపోతుంది, బ్యాలెన్స్ పోతుంది, మళ్లీ అదే కాలు బెణుకుతుంది. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడే ఎక్సర్‌సైజులు మొదలుపెట్టించేదాకా వదలకండి.

మోకాలి పరీక్ష ఎంత చేసినా నాకు తెలియట్లేదు. ల్యాక్‌మన్ ఎలా పట్టు చిక్కుతుంది?

మామూలు మోకాళ్లు చాలా పట్టుకోవాలి. హాస్టల్లో ఫ్రెండ్స్, ఇంట్లో వాళ్లు, జట్టు మొత్తం, రెండు మోకాళ్లూ. మామూలు మోకాలు ఎంత జరుగుతుందో చేతికి తెలియకుండా తెగిన మోకాలు తెలియదు.

ప్లేయర్ వెల్లకిలా పడుకోవాలి, మోకాలు 20 నుంచి 30 డిగ్రీలు వంగాలి. ఒక చెయ్యి తొడని మోకాలికి పైన బయటి నుంచి పట్టుకుంటుంది, రెండో చెయ్యి పిక్క పైభాగాన్ని, బొటనవేలు ముందు వైపు ఎముక మీద. తొడ కదలకుండా, కింది ఎముకని ముందుకి లాగండి. చిన్న చేతులున్నవాళ్లకి ఫుట్‌బాలర్ తొడ చేతిలో పట్టదు, అలాంటప్పుడు మీ మోకాలిని అతని తొడ కింద పెట్టి పైనుంచి ఒక చేత్తో నొక్కి పట్టండి. ఎంత ముందుకి వచ్చిందన్నది ఒక సంగతి, చివర్లో గట్టిగా ఆగిందా లేక మెత్తగా జారిపోయిందా అన్నది అంతకన్నా ముఖ్యం. బాగున్న కాలు ముందు చూడండి, మీకు కొలత దొరుకుతుంది, అతనికి భయం పోతుంది.

టైమ్ ముఖ్యం. దెబ్బ తగిలిన మొదటి నిమిషాల్లో, వాపు రాకముందు, కండరం బిగుసుకోకముందు మీకు దొరికే సమాధానం మర్నాడు క్లినిక్‌లో పెద్ద స్పెషలిస్టుకి కూడా దొరకదు. "టప్ మని శబ్దం వచ్చింది" అన్నాడు, రెండు గంటల్లో మోకాలు ఉబ్బింది అంటే ఏసీఎల్ (ల్యాక్‌మన్‌తో చూసే మోకాలి లోపలి లిగమెంట్) తెగలేదని రుజువయ్యేదాకా తెగిందనే అనుకోండి. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలకే దించమని ఒత్తిడి వస్తుంది. నార్వే పరిశోధకులు 2016లో తేల్చినదాని ప్రకారం తొమ్మిది నెలల దాకా ఆగిన ప్రతి నెలకీ మళ్లీ గాయమయ్యే రేటు సుమారు సగం తగ్గింది. ఆ లెక్క కాగితం మీద రాసి కోచ్‌కి ఇవ్వండి.

హ్యామ్‌స్ట్రింగ్, గజ్జల నొప్పి ఎలా చూడాలి?

హ్యామ్‌స్ట్రింగ్‌లో ముందు కథ వినండి. ఫుల్ స్పీడులో పరిగెత్తుతూ పట్టుకుందా, లేక కాలు పైకి చాచినప్పుడా? చాచినప్పుడు వచ్చినవి చూడటానికి చిన్నగా ఉండి మానడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటాయి. బోర్లా పడుకోబెట్టి పిరుదు కింది ఎముక నుంచి మోకాలి దాకా వేలితో నొక్కుకుంటూ రండి, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో టేపుతో కొలిచి రాసుకోండి. కాలు ఎంత దాకా చాచగలడు, ఎంత బలంగా వంచగలడు, రెండో కాలితో పోల్చండి. వారానికోసారి అవే కొలతలు మళ్లీ తీయండి. ప్రాక్టీస్‌లో పూర్తి స్పీడు స్ప్రింట్లు నొప్పి లేకుండా పలుమార్లు కొట్టేదాకా మ్యాచ్‌కి పంపొద్దు. ఎమ్మారై బాగుందని పంపితే మళ్లీ అదే గాయంతో తిరిగొస్తాడు.

గజ్జల నొప్పికి 2014లో దోహాలో నిపుణులు కూర్చుని ఒక పద్ధతి ఒప్పుకున్నారు: నొప్పి తొడ లోపలి కండరాలదా, ఇలియోసోవాస్‌దా (తొడని పైకి ఎత్తే కండరం), ఇంగ్వినల్ ప్రాంతానిదా (గజ్జల మడత, హెర్నియా వచ్చే చోటు), ప్యూబిక్ ఎముకదా (పొత్తికడుపు కింద ముందు వైపు ఎముక), లేక తుంటి కీలు నుంచి వస్తోందా? వేలితో నొక్కి, కండరాన్ని బిగించమని, చాచి చూస్తేనే చాలావరకు తేలుతుంది. అంతా కలిపి "గజ్జల్లో నరం పట్టేసింది" అని రాసేస్తే ఏ ఎక్సర్‌సైజు ఇవ్వాలో మీకే తెలియదు.

అల్ట్రాసౌండ్ మెషిన్ నేర్చుకోవాలా?

తర్వాత. ముందు వేళ్లు.

మే నెలలో సమ్మర్ క్యాంపులు పెడతారు. వడదెబ్బకి ఏం చెయ్యాలి?

ఎక్సర్‌సైజ్ చేస్తూ వచ్చే వడదెబ్బ అంటే ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తిక్కతిక్కగా మాట్లాడటమో, కోపంగా తిట్టడమో, కూలిపోవడమో. చెమట పడుతూనే ఉండొచ్చు, "చెమట ఉంది కాబట్టి వడదెబ్బ కాదు" అనుకోవద్దు. చంకలో, నుదుటి మీద పెట్టే థర్మామీటర్ తప్పుడు అంకె చూపిస్తుంది, మలద్వారంలో పెట్టి చూసేదే నమ్మదగింది. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి. ఐసు నీళ్ల టబ్బు ఉంటే మెడ దాకా ముంచడం. టబ్బు లేదంటే వడ్లు ఆరబోసే టార్పాలిన్ తెచ్చి మధ్యలో మనిషిని పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తి పట్టుకుని, నీళ్లు, ఐసు పోసి అటూ ఇటూ కదిలించండి. ఐసు సోడా బండి దగ్గరైనా దొరుకుతుంది. అరగంట లోపు 39 దిగువకి తేవాలి. తల మీద తడిగుడ్డ వేసి ఆటోలో ఎక్కించి పంపడం చికిత్స కాదు. అసలు మధ్యాహ్నం పన్నెండుకి ప్రాక్టీస్ పెట్టే క్యాంపుకి డాక్టర్‌గా ఒప్పుకోకండి.

గాయాలు రాకుండా చూడటం కూడా మన పనేనా?

మన పనే, పైగా దీనికే రుజువు ఎక్కువ ఉంది. ఫిఫా 11+ అనే వార్మప్‌లో 15 ఎక్సర్‌సైజులు, 20 నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు, బంతి తప్ప ఇంకేం అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల మీద చేసిన పెద్ద ట్రయల్ 2008లో వచ్చింది, గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. నార్డిక్ ఎక్సర్‌సైజు (మోకాళ్ల మీద నిలబడి, చీలమండలు ఒకరు పట్టుకుంటే మెల్లగా ముందుకి వాలడం) ఉన్న ప్రోగ్రాములు హ్యామ్‌స్ట్రింగ్ గాయాల్ని సగం దాకా తగ్గించాయి, తొడ లోపలి కండరాలకి బలాన్నిచ్చే కోపెన్‌హాగన్ ఎక్సర్‌సైజు గజ్జల సమస్యల్ని 41 శాతం తగ్గించింది. ఇక్కడ మీకు కావాల్సిన స్కిల్ కోచ్‌ని ఒప్పించడం. "గాయాలు తగ్గుతాయి సార్" అంటే వినడు. "మీ స్ట్రైకర్ సీజన్ చివరి దాకా ఉంటాడు సార్" అనండి. మొదటి వారం నార్డిక్ తక్కువ సార్లతో మొదలుపెట్టండి, లేకపోతే మర్నాడు ఎవడూ మెట్లు దిగలేడు, ఆ ఎక్సర్‌సైజుకి జట్టులో చెడ్డపేరు వస్తుంది.

కోచ్ "ఇంకో పది నిమిషాలు ఆడనివ్వండి" అంటే ఏం చెప్పాలి?

2015 ఆగస్టు 8న చెల్సీ, స్వాన్సీ మ్యాచ్ గుర్తుందా? చెల్సీ అప్పటికే పదిమందితో ఆడుతోంది, చివరి నిమిషాల్లో హజార్డ్ పడ్డాడు, రిఫరీ పిలిచాడు, డాక్టర్ ఇవా కార్నెయిరో, ఫిజియో లోపలికి వెళ్లారు. దాంతో జట్టు కాసేపు తొమ్మిదిమందితో ఆడాల్సి వచ్చింది. మేనేజర్ మొరీన్యో అందరి ముందూ వాళ్లని తప్పుపట్టాడు. ఆమె ఉద్యోగం వదిలింది, కేసు వేసింది, 2016 జూన్‌లో రాజీ కుదిరి క్లబ్ బేషరతుగా క్షమాపణ చెప్పింది. పిలిస్తే వెళ్లడం డాక్టర్ పని, ఆమె చేసింది అదే.

ఈ వాదన మ్యాచ్ మధ్యలో గెలవలేరు. సీజన్ మొదట్లోనే కోచ్, మేనేజర్‌తో కూర్చుని తల, గుండె, వెన్నెముక విషయాల్లో మెడికల్ టీమ్ మాటే ఆఖరని రాసుకుని సంతకాలు పెట్టించుకోండి. మిగతా గాయాల్లో ప్లేయర్‌కి రిస్క్ వివరించి అతని నిర్ణయాన్ని గౌరవించొచ్చు. పద్దెనిమిది నిండనివాళ్లయితే తల్లిదండ్రులతో మాట్లాడాలి, పిల్లాడు ఎంత ఏడ్చినా సరే.

నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి ఆడించొచ్చా? సెలైన్ ఎక్కించొచ్చా?

ముందు వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత మందుల లిస్టు చూడండి. ట్రమడాల్ అనే నొప్పి మందు 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధం. కార్టికోస్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఏ చోట ఇచ్చినా 2022 నుంచి పోటీ సమయంలో నిషేధమే, ఇచ్చాక ఒంట్లోంచి పోవడానికి టైమ్ లెక్క చూసుకోవాలి. మనవాళ్లకి నీరసం అంటే సెలైన్ ఎక్కించడం అలవాటు కదా, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటిన డ్రిప్ ఆస్పత్రిలో సరైన వైద్య కారణంతో అయితే తప్ప డోపింగ్ కిందికే వస్తుంది. హోటల్ గదిలో బాటిల్ వేలాడదీయకండి. జిమ్ పౌడర్లు, పేరు లేని "బలం" మందులు అంతకన్నా డేంజర్, లేబుల్ మీద లేనివి లోపల ఉంటాయి. ఏ మందు ఇచ్చినా డాక్టర్ పేరు, మోతాదు, టైమ్ రాసిపెట్టండి.

అమ్మాయిల జట్టుతో పనిచేస్తే తేడా ఏముంటుంది?

ఏసీఎల్ తెగే రిస్క్ మగవాళ్లకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి వార్మప్ మీద ఇంకా పట్టుదలగా ఉండాలి. పీరియడ్స్ ఆగిపోయాయా, తిండి సరిగ్గా తింటున్నారా అని మామూలు ప్రశ్నల్లాగే అడగండి, అడగకపోతే ఎవరూ చెప్పరు. పరీక్ష చేసేటప్పుడు జట్టులో ఇంకొకరిని తోడు పెట్టుకోండి, గజ్జల పరీక్షైతే తప్పనిసరిగా, ఏం చెయ్యబోతున్నారో ముందే చెప్పి.

నేర్పే సీనియర్ లేరు. ఒక్కడినే ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి?

నెలకోసారి జట్టుతో డ్రిల్ పెట్టండి. ప్రాక్టీస్ మధ్యలో ముందే చెప్పి ఉంచిన ఒక కుర్రాడు పడిపోతాడు, మీరు వాచ్ నొక్కుతారు. ఏఈడీ చేతికి రావడానికి ఎంతసేపు పట్టింది, ఎవరు ఎక్కడ నిలబడిపోయారు, గేటు తెరుచుకుందా? ఫోన్‌లో వీడియో తీయించండి, మొదటిసారి చూసుకుంటే సిగ్గేస్తుంది, అయినా చూడండి. నలుగురు కలిసి మెడ పట్టుకుని మనిషిని పక్కకి దొర్లించడం, స్ట్రెచర్ మీదికి ఎత్తడం కూడా ఇలాగే రావాలి. బరువైన గోల్‌కీపర్‌ని తీసుకోండి, సన్నగా ఉన్నవాణ్ని కాదు.

రెండోది, నోట్‌బుక్. గ్రౌండ్‌లో మీరు ఏమనుకున్నారో అప్పుడే రాయండి, తర్వాత స్కాన్‌లో, సర్జన్ దగ్గర ఏం తేలిందో దాని పక్కన రాయండి. ఈ పని చేసే ఫిజియో ఏడాదిలో ఎంత మారిపోతాడో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రాయనివాడికి పదేళ్ల అనుభవం ఉన్నా మొదటి ఏడాదే పదిసార్లు గడిచినట్టు లెక్క.

వచ్చే వారమే మా మండలంలో టోర్నమెంట్‌కి మెడికల్‌గా రమ్మన్నారు. అర్జెంటుగా ఏం చూసుకోవాలి?

అంబులెన్స్ మ్యాచ్ అయ్యేదాకా ఉంటుందా లేక ప్రారంభోత్సవం ఫొటోలు అయ్యాక వెళ్లిపోతుందా అడగండి. అది వెళ్లిపోతే ఆట ఆపుతామని ముందే ఒప్పించండి. బ్యాగ్‌లో పైనే ఉండాల్సినవి: గ్లవ్స్, జెర్సీ కోసే కత్తెర, పాకెట్ మాస్క్ లేదా ఆంబూ బ్యాగ్, గాజ్ (గాయం మీద పెట్టే పల్చటి గుడ్డ), బ్యాండేజీలు, స్ప్లింట్లు, మెడ కాలర్, ఆస్తమా ఇన్‌హేలర్, స్పేసర్, గ్లూకోజ్, టార్చి. నొప్పి స్ప్రే అడుగున పడేయండి, అందరూ అడిగేది అదే అయినా ప్రాణం నిలిపేది అది కాదు. ఏఈడీ దొరికితే బ్యాటరీ లైటు పచ్చగా ఉందా, ప్యాడ్‌ల ఎక్స్‌పైరీ ఎప్పుడు చూడండి, ఛాతీ తుడవడానికి టవల్, వెంట్రుకలు తీయడానికి రేజర్ అందులోనే పెట్టండి. పొద్దున్నే జట్టు కెప్టెన్‌లని పిలిచి ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, మందుల ఎలర్జీ ఉన్నవాళ్ల పేర్లు రాసుకోండి. కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా, ఆడుతూ ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయాడా అని కూడా అడగండి, అవునన్నవాణ్ని ఈసీజీ తీయించి కార్డియాలజిస్టు చూసేదాకా ఆడనివ్వకండి. అన్నం ముందే తినేసి వెళ్లండి, మ్యాచ్‌లు మొదలయ్యాక మీకు ఖాళీ దొరకదు.